దక్షిణం వైపు చోటు

మిట్టమధ్యాహ్నం!

దయ్యాలకు అర్ధరాత్రే ఆఫీసు వేళ అని నమ్మేవాళ్ళు ఆరిజోనా ఎండ ఎరగరు. అక్కడ రాత్రిళ్ళు దయ్యాలు కూడా చల్లగా పడుకుంటాయి. పగటివేళ, సూర్యుడు నడినెత్తిన నిప్పుల కుంపటి దింపినప్పుడు, మనిషి నీడ భయపడి మనిషి పాదాల కిందకే దూరి దాక్కున్నప్పుడు... పక్షి పలకదు, ఆకు అల్లాడదు. అల్లాడడానికి ఆకులుంటే కదా, అన్నీ ముళ్ళే! అదిగో, అప్పుడు లేస్తుంది అసలైన తమస్సు... వెలుతురు చాటున పొంచి ఉన్న చీకటి!

సరిగ్గా అలాంటి వేళ, 1983 జ్యేష్ఠమాసంలో ఒక ఆదివారం నాడు, ఫీనిక్స్ నగరంలోని కామేశ్వరి వంటింట్లో ఫోను మోగింది.

ఆమె ఒక చేత్తో పోపు గరిటె, రెండో చేత్తో రిసీవరు పట్టుకుంది. అవతలి గొంతు తెలుగు గొంతు. కానీ మనిషి పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టు లేదు, పాడుబడ్డ బావి అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంది.

"అమ్మా... ఆర్.వి.కి చోటు సిద్ధం చేశానని చెప్పండి. దక్షిణం వైపు. పొడుగు సరిగ్గా సరిపోతుంది. కింద మెత్తటి ఇసక, పైన కంకర. ఒక్కసారి పెట్టేశామంటే మళ్ళీ కదపక్కర్లేదు!"

గరిటె జారిపడింది. ఆవాలు నేలంతా చిటపటలాడాయి. కామేశ్వరి గుండె వాటికన్నా గట్టిగా చిటపటలాడింది. ఎందుకంటే ఆర్.వి. అంటే ఆమెకు తెలిసింది ఒక్కరే. ఆమె మొగుడు! రావినూతల వెంకట గోపీనాథ్ అన్న నిండు పేరు ఆఫీసులో దొరలకు నోరు తిరగక, మొదటి రెండు పొడి అక్షరాలు ఉంచుకుని మిగతాది ఉమ్మేశారు. తెలుగు స్నేహితులు కూడా దాన్నే ఖాయం చేశారు. ఆ ఆర్.వి.కి దక్షిణం వైపు చోటా? యముడి దిక్కునా? ఇసకా, కంకరా, మళ్ళీ కదపకపోవడమూనా?

"ఏమండీ!" అని ఆమె పెట్టిన కేకకు హాల్లో భోజనానికి కూర్చున్న గోపీనాథ్ లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే భోజనానికొచ్చిన స్నేహితుడు డాక్టర్ రాధాకృష్ణ, మజ్జిగ గ్లాసుతో. సంగతి విని మొగుడు పొట్ట పట్టుకున్నాడు.

"ఓసి పిచ్చిదానా! ఆర్.వి. అంటే నేను కాదే, మన బండి! చక్రాల ఇల్లు! దాన్ని ఇంటి ముందు నిలపొద్దని వీధి వీధంతా నా మీద పడి ఏడుస్తోంది కదా. ఎడారిలో ఇల్లు, పక్కన బండికి చోటు ఉంటే చెప్పమని అందరికీ చెప్పి ఉంచాను. ఎవరో మనవాడు దొరికాడన్న మాట!"

రాధాకృష్ణకు నవ్వుతో మజ్జిగ ముక్కులోంచి వచ్చింది. "చెల్లెమ్మా, మీ ఆర్.వి.కి ఆరడుగులు చాలు. ఆ ఆర్.వి.కి నలభై కావాలి! కొలత చూసి కంగారుపడాలమ్మా!"

అందరూ నవ్వారు. ఆ జోకు సాయంత్రానికల్లా ఊళ్ళోని తెలుగిళ్ళన్నీ చుట్టి వచ్చింది. కానీ కామేశ్వరి రిసీవరు పెట్టబోతూ ఒక్కక్షణం చెవి దగ్గర ఆపింది. అవతల ఇంకా పెట్టలేదు... వాడు కూడా నవ్వుతున్నాడు.

మరుసటి వారం ఇల్లు చూడబోయారు. టూసన్ దాటి నైరుతి దిక్కుగా పోగా పోగా తారురోడ్డు మట్టిరోడ్డయింది, మట్టిరోడ్డు వట్టిరోడ్డయింది. ఆ వట్టిరోడ్డు చివర, చేతులెత్తి శపిస్తున్న మునుల్లా నిలువెత్తు జెముళ్ళ నడుమ, ఒక మట్టిరంగు ఇల్లు. దక్షిణం వైపు చదును చేసిన కంకర నేల. దాని అంచున బొరియలోంచి ఒక గుడ్లగూబ పట్టపగలు తల బయటపెట్టి, మెడ వెనక్కి తిప్పి, కామేశ్వరినే చూసింది. ఎడారి గూబలు పగలే తిరుగుతాయని గోపీనాథ్ చెప్పాడు. చెబితే భయం పోతుందా?

ఇంటాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పేరు జగదీష్. అరవై దాటిన మనిషి, ఎండుచేపకు లాల్చీ తొడిగినట్టున్నాడు. అంత ఎండలో నుదుట ఒక్క చెమట చుక్క లేదు!

"ఒక్కరే ఉంటారా?" అంది కామేశ్వరి.

"శాంతి పోయిందమ్మా. ఏడేళ్ళయింది."

"ఈ ఎండలో ఎవరికైనా పోతుందిలెండి శాంతి," అన్నాడు గోపీనాథ్.

"శాంతి నా భార్య పేరు."

గోపీనాథ్ నాలుక కరుచుకున్నాడు. సర్దుకోవడానికి కామేశ్వరి పులిహోర డబ్బా మూత తీసింది. జగదీష్ పాము కనిపించినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఉప్పు తినను!"

"బి.పి.నా?"

"అలాంటిదే. తింటే ప్రాణం మీదికొస్తుంది."

బేరం ఇట్టే కుదిరిపోయింది. పక్క రాష్ట్రంలో కారు వెనకాల వెంకటేశ్వరస్వామి బొమ్మ కనపడితే చాలు, హారన్ కొట్టి ఆపి కౌగిలించుకునే రోజులవి. ఎడారిలో తెలుగువాడు దొరికితే గోపీనాథ్ ఆగుతాడా? "అన్నా, నువ్వు మాకు దేవుడిలా దొరికావు!" అన్నాడు. అన్నా అనగానే జగదీష్ కళ్ళు ఒక్కసారి వెలిగి ఆరాయి. వెనకాల రేకు ట్రెయిలర్లో ఆషాఢ అమావాస్య దాకా ఉండనిమ్మని మాత్రం అడిగాడు. మొహమాటం మన జాతీయ వ్యాధి. సరేనన్నారు.

తాళాలు చేతికొచ్చేసరికి ఆషాఢం వచ్చిపడింది.

"అమెరికాలో ఆషాఢమేమిటే? ఇక్కడ జూన్, జులైలే!" అన్నాడు గోపీనాథ్.

"మీకు జులై, నాకు ఆషాఢం. శూన్యమాసంలో కొత్తింటి గడప తొక్కను. పాలు పొంగించేది శ్రావణంలోనే!"

జగదీషే మధ్యవర్తిత్వం చేశాడు. "చెల్లెమ్మ మాట న్యాయం. ఈ నెలా బండిలోనే ఉండండి. నీళ్ళూ కరెంటూ దానికే తగిలించుకోవచ్చు. స్థలంలో ఉన్నట్టూ ఉంటుంది, ఇంట్లో లేనట్టూ ఉంటుంది."

ఎంత ఆచారం తెలిసిన మనిషో అని కామేశ్వరి మురిసిపోయింది. ఆ బుద్ధిమంతుడు ఇల్లమ్మడానికి ఆషాఢాన్నే ఎందుకు ఎంచుకున్నాడో ఆమెకు అప్పుడు తట్టలేదు.

కంకర నేల మీదికి బండి ఎక్కింది. గోపీనాథ్ సెలవు పెట్టాడు. పదహారేళ్ళ కూతురు రేణు ముఖం ముడుచుకుంది. "అమ్మా, నాకు ఇక్కడ బోర్ కొడ్తోంది. దేర్ ఈజ్ నథింగ్ హియర్! నాకు నీల్లు కావాలి," అంది. ఆ పిల్ల నోట్లో ళ పలకదు. నీళ్ళు నీల్లే, పెళ్ళి పెల్లే, కళ్ళు కల్లే! విన్నవాళ్ళకు తాగేదో చూసేదో అర్థమయ్యేది కాదు. తండ్రి కూర్చోబెట్టి దిద్దబోతే "వాటెవర్, డాడీ!" అనేది.

అసలు చిక్కు పప్పుతో వచ్చింది. ఆ బావి నీళ్ళు రాళ్ళలాంటి నీళ్ళు. కందిపప్పు పొద్దుటినుంచి మరిగినా గోలీల్లా గలగలమంటోంది. పప్పుడకని కాపురం ఎన్నాళ్ళు సాగుతుంది? గోపీనాథ్ టూసన్ వెళ్ళి నీళ్ళను మెత్తబరిచే యంత్రం కొనుక్కొచ్చాడు. దాని పొట్టలో పోయడానికి ఉప్పు బస్తాలు కూడా తెచ్చాడు. తాను వంతెనలు కట్టిన ఇంజనీరు. అచ్చేసిన సూచనలు చదవడం ఆయన హోదాకు తక్కువ. బావి దగ్గరి షెడ్డులో సొంత చేతులతో గొట్టాలు బిగించాడు, ఇటుది అటూ అటుది ఇటూ! తెచ్చిన బస్తాలన్నీ దాని పొట్టలోనే గుమ్మరించాడు. మర్నాడు కాఫీ నోట్లో పోసుకున్న కామేశ్వరి దాన్ని ఎడారిలోకి ఉమ్మింది. ఉప్పు కాఫీ!

"రేపు సరిచేస్తానే," అన్నాడు.

ఆ రేపు రాలేదు. ఆయన్ని ఏదో నిద్ర పట్టుకుంది. మొదట మధ్యాహ్నం కునుకులా వచ్చింది, తర్వాత పగలూ రాత్రీ ఒకటే మగత. తిండి ముట్టడం మానేశాడు. చెంపలు తెల్లబడ్డాయి. చేతి మీద చర్మం వారం రోజుల్లో ముడతలు పడింది. నీటి సీసాలు కొనుక్కొచ్చే మనిషి లేక, కామేశ్వరి బావికి వెళ్ళి చేద వేసి తెచ్చుకుని తాగడం మొదలుపెట్టింది. బావి దగ్గర జగదీష్ ఎదురయ్యాడు. అతని జుట్టు నల్లబడుతోంది!

ఇంతలో ఒక మధ్యాహ్నం...

రేణు జుట్టు విరబోసుకుని, కంకర మీద దక్షిణానికి తిరిగి కూర్చుని ఉంది. ఆరుబయట పొయ్యి మీద పప్పు చూసి నింపాదిగా అంది: "అక్కాయ్, ముందే చింతపులుసు పోశారేంటండీ? పులుసు పడ్డాక పప్పు ఉడుకుద్దా? నీళ్ళు పొర్లిపోతున్నాయి, మూత తియ్యండి. కళ్ళెక్కడున్నాయి?"

నీళ్ళు! కళ్ళు! ముత్యాల్లాంటి ళకారాలు!

మగతలో ఉన్న గోపీనాథ్ కూడా లేచి కూర్చున్నాడు. ఆనందంతో తూలుతూ ఇంట్లోని ఫోను దాకా వెళ్ళి రాధాకృష్ణకు చెప్పాడు. "ఒరేయ్, మా పిల్లకి తెలుగొచ్చేసిందిరా! ఎడారి గాలి అలాంటిది! మీ వాణ్ణి కూడా పంపు!"

తండ్రి పొంగిపోయాడు. తల్లి రక్తం గడ్డకట్టింది. ఆ పిల్ల మండే సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూస్తోంది. నుదుట చెమట లేదు. అన్నిటికన్నా... ఓ భగవంతుడా! ఆ నడిమధ్యాహ్నం జెముళ్ళ నీడలు జానెడు కూడా లేవు. రేణు నీడ మాత్రం నల్లటి త్రాచులా పొడుగ్గా సాగి, కంకర మీదుగా పాకి, బండి కిందకు దూరిపోయి ఉంది!

కామేశ్వరి శూన్యమాసమన్న మాటే మరచి, గడప దాటి పరిగెత్తి ఫోను అందుకుంది. రాధాకృష్ణ ఇంకా లైన్లోనే ఉన్నాడు. అంతా చెప్పింది.

"వడదెబ్బ చెల్లెమ్మా, ఇద్దరికీ వడదెబ్బే! ఎండకి బుర్రలు బెండకాయల్లా వడిలాయి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించు. తగ్గకపోతే రేపు సెలవు పెట్టుకుని నేనే వస్తాను."

ఆ డాక్టరు జీవితంలో రాసిన మందుల్లోకెల్లా గొప్ప మందు అదేనని ఆయనకు తెలియదు. ఇద్దరినీ బండిలోకి చేర్చి తాగించబోయింది. ఉప్పునీళ్ళు గొంతు దిగగానే గోపీనాథ్ కళ్ళు తెరిచి, "ఆకలేస్తోందే," అన్నాడు. రేణు పెదాలకు గ్లాసు ఆనించిందో లేదో, ఆ పిల్ల శరీరం విల్లులా వంగింది. బండి కిటికీలన్నీ టకటకలాడాయి. గొంతులోంచి పాతికేళ్ళ ఆడమనిషి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అక్కాయ్... ఇంకో చుక్క! ఏడేళ్ళయింది ఉప్పెరిగి! నేను శాంతినండీ... ఆయన పెళ్ళాన్ని. నా మెడ కోసి, నా పుర్రెని ఈ బండి కింద గోతిలో పెట్టి కట్టేశాడు. నన్నే మీ పిల్ల మీదికి తోలాడు. నా చేత్తోనే మీ ఆయన ఆయుష్షు తోడిస్తున్నాడు! అమావాస్య మిట్టమధ్యాహ్నం దాకా ఆయన నాలిక మీద ఉప్పు పడకూడదు. పడిందా, కట్టు తెగిపోద్ది! నాకు కాదక్కాయ్... ఆయనకి పెట్టు ఉప్పు!"

"పెడుతుంది, పెడుతుంది!"

తలుపు దగ్గర జగదీష్! ఎండుచేప ఇప్పుడు నిగనిగలాడుతోంది. అతను చిటికె వేయగానే రేణు కొయ్యబొమ్మలా నేలకూలింది. గోపీనాథ్ మళ్ళీ మగతలోకి జారిపోయాడు.

"మా ఆయన నీకేం ద్రోహం చేశాడు?"

"ద్రోహమా? ఉపకారం చేశాడు! నా భాష మాట్లాడేవాడు, తనంతట తాను నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడు, నోరారా అన్నా అని పిలిచేవాడు కావాలి నాకు. తమ్ముడి ఆయుష్షు అన్నకు చెల్లుతుంది. అలాంటివాడు గోతి మీద ఒక పక్షం నిద్రపోవాలి. ఇల్లు ఉండగా కంకర మీద ఎవడు పడుకుంటాడు? నీ ఆషాఢమే పడుకోబెట్టింది చెల్లెమ్మా!"

కామేశ్వరి కాళ్ళ కింద ఎడారి గిర్రున తిరిగింది. తన ఆచారమే తన మొగుణ్ణి తెచ్చి గోతి మీద పెట్టింది!

అతను అల్మారాలన్నీ వెతికాడు. గుడ్డతో చెయ్యి చుట్టుకుని ఉప్పు డబ్బా, అప్పడాల కట్ట, ఊరగాయలు, ఒక్కొక్కటీ బయటికి విసిరాడు. సంవత్సరానికి సరిపడా పెట్టుకున్న ఆవకాయ జాడీ రాయి మీద భళ్ళున పగిలి ఎర్రగా పారింది. కామేశ్వరి ఆ రోజు మొదటిసారి ఏడ్చింది.

"రేపు మధ్యాహ్నం ఇంటి ఇల్లాలి చేతి అన్నం కావాలి నాకు, బలి అన్నం. వండి పెట్టావా, మొగుడు పోతాడు, పిల్ల నీకు దక్కుతుంది. పెట్టనన్నావా, ఇద్దరూ పోతారు! పిల్లని ఈ ఆవరణ దాటించి చూడు... దాటిన అడుగులోనే ఊపిరి ఆగుతుంది!"

అతను వెళ్ళాక ఆమె మళ్ళీ ఫోను దగ్గరికి పరిగెత్తింది. నంబరు తిప్పకముందే లోపలినుంచి బావి గొంతు పలికింది. "ఆర్.వి.కి చోటు సిద్ధం!"

ఆషాఢ బహుళ అమావాస్య!

ఉదయం నుంచే దక్షిణాకాశం కమిలిపోయింది. మెక్సికో వైపునుంచి కాటుక కొండల్లాంటి కారుమబ్బులు ప్రళయకాల మహిషాల్లా కదిలి వస్తున్నాయి. ఉరుము... మెరుపు... ఇసక రేగిన వాసన! బొరియ బొరియకూ ఒక గుడ్లగూబ నిలబడి, అన్నీ ఒకేవైపు మెడ తిప్పి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాయి. కానీ నడినెత్తిన మాత్రం సూర్యుడు గుండ్రటి కంతలోంచి గుడ్లురుముతున్నాడు.

బండి చక్రాల నడుమ కంకర కింద పలకలు పక్కకు జరిగాయి. గొయ్యి! దాని అడుగున ఎర్రటి ముగ్గు, ముగ్గు నడుమ నల్లబడిన పుర్రె, పుర్రె ముందు పద్మాసనంలో జగదీష్! కపాలం కళ్ళ గుంటల్లో కర్పూరం భగభగ మండుతోంది. అతని నోట్లోంచి బీజాక్షరాలు తేళ్ళ గుంపులా బయటకు పాకుతున్నాయి. గట్టు మీద రేణు, కళ్ళు తెరిచి, చూపు లేక... పైన బండిలో గోపీనాథ్, గుక్కకూ గుక్కకూ మధ్య దూరం పెరుగుతున్న ఊపిరితో...

"అన్నం!"

కామేశ్వరి గిన్నెలో బియ్యం పోసింది. ఎవరిని దక్కించుకోవాలి? ఎవరిని వదులుకోవాలి? ఇరవై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషినా, పదహారేళ్ళు పక్కలో పడుకోబెట్టుకున్న బిడ్డనా? ఉప్పు రవ్వంత కూడా లేదు. పారబోసిన ఆవకాయ దగ్గరికి రాత్రే పాకింది, ఇసకతో సహా ఎత్తి అతను అప్పటికే దూరంగా ఎడారిలో పారేశాడు. అంత జాగ్రత్త! బావినుంచి చేదతో తెచ్చిన నీళ్ళు ముంతలో ఉన్నాయి. చెయ్యి ముంత మీదికి వెళ్ళింది...

ఆగింది.

వంట దిమ్మ మీది కుళాయి చూసింది. ఎన్నో రోజులుగా ఎవరూ తిప్పని కుళాయి. రాని ఆ రేపటి కోసం ఎదురుచూస్తున్న కుళాయి. కాఫీని కషాయం చేసిన కుళాయి!

తిప్పింది. గిన్నె నిండింది. అన్నం ఉడికింది.

వంగి గోతిలోకి గిన్నె దించింది. జగదీష్ వాసన చూశాడు. తెల్లటి అన్నం, ఆవిర్లు కక్కుతూ. అన్నంలో ఉప్పు వేసే తెలుగు ఇల్లాలు భూమ్మీద ఎక్కడుంది? అయినా అడిగాడు.

"ఏ నీళ్ళు?"

"మీ బావి నీళ్ళే."

"నా బావి నీళ్ళు నాకు అమృతం!" అని వికటాట్టహాసం చేశాడు. ముద్ద కట్టి పుర్రె దవడల మధ్య పెట్టాడు. రెండో ముద్ద కట్టాడు. ఏడేళ్ళుగా చప్పిడి గంజితో గడిపిన నోరది. ఆడదాని చేతి అన్నం అంత వేడిగా ఎప్పుడు తిన్నాడో అతనికే గుర్తులేదు. ఆత్రంగా నోట్లో పెట్టుకుని మింగేశాడు.

మింగాడు...

నవ్వు ఆగిపోయింది. నాలుక బయటికి వచ్చింది. కళ్ళు గుడ్లగూబ కళ్ళయ్యాయి.

"ఉ... ఉప్పు!"

"మీ బావి నీళ్ళే అన్నయ్యగారూ," అంది కామేశ్వరి. "కాస్త మా ఆయన చెయ్యి పడింది."

పుర్రె కళ్ళలో కర్పూరం ఆరిపోయింది. ఆ వెంటనే... ఢమఢమ ధ్వానంతో దిక్కులు బద్దలయ్యాయి! ఆకాశంలోని ఆ ఒక్క కంతా పూడుకుపోయి కటికచీకటి కమ్ముకుంది. రేణు పాదాల దగ్గరినుంచి ఆ పొడుగాటి నీడ తాడు తెగినట్టు తెగింది. తెగి, నిలువుగా లేచింది! వెంట్రుకలు విరబోసుకుని, మెడ మీద ఎర్రటి గాటుతో, ఏడేళ్ళ ఆక్రోశంతో గోతి అంచున నిలబడింది.

"వద్దు శాంతీ! నేను నీ భర్తని! చెప్పిన మాట విను!"

"ఏడేళ్ళు విన్నానండీ!"

ఆ తర్వాత మాటల్లేవు. అరుపులే! నీడ గోతిలోకి దూకింది. పుర్రె దవడలు అతని మణికట్టు మీద కటుక్కున మూసుకున్నాయి. జగదీష్ గట్టు పట్టుకోబోయాడు, గట్టు విరిగింది. పలకలు విరిగాయి. కంకర జలజలా, జలజలా, పక్షం రోజులుగా నోరు మూసుకున్న కంకరంతా ఒక్కసారి నోరు తెరిచి మీద పడింది. కుండపోత వానకు ఎండిన వాగు బుసలు కొడుతూ వచ్చి ఎర్రటి నీళ్ళతో గోతిని నింపేసింది. ఒక చెయ్యి మాత్రం పైకి లేచింది. నల్లగా నిగనిగలాడిన ఆ చెయ్యి చూస్తుండగానే ముడతలు పడి, ఎండి, తెల్లబడి... వాన నీళ్ళలో చెయ్యి కరగడం కామేశ్వరి కళ్ళారా చూసింది!

బండి మాత్రం కదల్లేదు. ఏనుగు కాళ్ళానించినట్టు చక్రాలు గోతికి అటూ ఇటూ ఆనించి నిలబడింది. లోపలినుంచి గొంతు వినిపించింది. "ఏమే, వానొస్తోందా? బట్టలు తీశావా?"

కామేశ్వరి తడిసిన బిడ్డను ఒళ్ళోకి లాక్కుని, అక్కడే బురదలో కూలబడి, గుండెలు పగిలేలా ఏడ్చింది. చెప్పినట్టే సెలవు పెట్టుకుని, టూసన్ దాటాక వాగు దగ్గర ఆగిపోయి, వాన తగ్గాక వచ్చిన రాధాకృష్ణ ఆమెను ఆ స్థితిలోనే చూశాడు. షెరిఫ్ పోలీసుల్ని పిలిచింది ఆయనే.

వాళ్ళు రెండు రోజులు తవ్వారు. ఒక ఆడమనిషి పుర్రె దొరికింది. మగమనిషి మాత్రం దొరకలేదు. ఒక లాల్చీ దొరికింది, జేబులోంచి మెడ దాకా తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. అదేమిటో పరీక్షకు పంపుతామన్నారు. నాలుక మీద వేసుకుని చూద్దామని ఎవరికీ తోచలేదు.

శ్రావణంలో పాలు పొంగించిన మాట నిజం. కానీ ఆ ఇంట్లో కాదు. ఫీనిక్స్ ఇంట్లోనే, శాంతికి చెయ్యవలసిన కర్మ చేయించి, ఆమె పేర ఉప్పూ కారం వేసిన నిండు భోజనం పెట్టించాక. తెలిసిన తెలుగువాళ్ళంతా వచ్చారు. చాలామందికి అసలు కథ తెలియదు. అందుకే విస్తళ్ళ ముందు ఎవరో పాత జోకు తీశారు. "ఏమ్మా కామేశ్వరీ, ఇంతకీ ఆర్.వి.కి చోటు దొరికిందా?"

పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. రాధాకృష్ణ నవ్వలేదు. గోపీనాథ్ అసలు నవ్వలేదు. కామేశ్వరి పులుసు గిన్నె కింద పెట్టి, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఆ రోజు ఫోనులో నేను పొరపాటు పడ్డానని మీరంతా నవ్వారు. ఈయన బండి అన్నారు. రాధాకృష్ణ అన్నయ్యగారు కొలత చూసుకోమన్నారు. ఆ గొయ్యి తవ్వినవాళ్ళు నా ఎదురుగానే టేపు పెట్టి కొలిచారు. నలభై అడుగులు లేదు. మా ఆయన పొడుగుకి జానెడు ఎక్కువ, అంతే. కింద మెత్తటి ఇసక, పైన కంకర. వాడు బండి గురించి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, నేను విన్నదే సరిగ్గా విన్నాను. పొరపాటు పడింది మీరంతా."

ఎత్తిన ముద్దలు ఎత్తినట్టే ఆగాయి. రాధాకృష్ణ మజ్జిగ గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. ఆర్.వి. అన్న మనిషి తలవంచుకుని, తన పేరు ఇక మీదట నిండుగా పిలవమని ఎవరికో మెల్లగా చెబుతున్నాడు.

అంతలో పంక్తి చివరినుంచి రేణు గొంతు వినిపించింది.

"అమ్మా... కొంచెం నీల్లు."

గోపీనాథ్ అలవాటుగా దిద్దబోయి నోరు మూసుకున్నాడు. కామేశ్వరి గ్లాసు నిండా నీళ్ళు పోసి, కళ్ళు తుడుచుకుంటూ పిల్ల దగ్గరికి పరిగెత్తింది.